ఎర్రర్ వస్తే మూసేయకండి, చదవండి

సి.బెళగల్ నుంచి ఎమ్మిగనూరు దాకా ఏ ఊళ్లోనైనా డిగ్రీ అయిపోయిన కుర్రాణ్ని అడగండి, ఈమెయిల్ ఐడీ ఉందనే చెబుతాడు. పాస్‌వర్డు గుర్తుందా అంటే మాత్రం చాలామంది నుంచి ఒకే జవాబు వస్తుంది: "జిరాక్స్ షాపు అన్నకు తెలుసు." ఉద్యోగ దరఖాస్తు నింపే రోజు హడావుడిగా షాపులోనే ఐడీ తెరిచారు. అన్న తనకు గుర్తుండే పాస్‌వర్డు పెట్టాడు, తన ఫోన్ నంబరు ఇచ్చాడు. ఇప్పుడు హాల్‌టికెట్ వచ్చిందో లేదో చూడాలన్నా "అన్నా, నా మెయిల్ ఒకసారి తెరిచి చూడన్నా" అంటూ ఆయన దగ్గరికే పోవాలి. ఆయన మంచివాడే. ఆ రోజు ఆయన లేకపోతే దరఖాస్తు వెళ్లేదే కాదు. అయినా మీ పేరు మీద వచ్చే ఉత్తరాల తాళంచెవి వేరొకరి జేబులో ఉండటం సరికాదు.

కాబట్టి ఈ వారమే రెండు పనులు చేయండి. మొదటిది చిన్నది. ఆ ఐడీ పాస్‌వర్డు మార్చండి, రికవరీ నంబరుగా మీ నంబరు పెట్టండి. అరగంటలో అయిపోతుంది. రెండోదానికి ఒక సాయంత్రం పడుతుంది, ఈ వ్యాసమంతా దాని గురించే. మెయిల్ కంపెనీవాళ్లు ఇచ్చిన యాప్‌ను కాసేపు పక్కన పెట్టి, వాళ్లతో సంబంధం లేని వేరే మెయిల్ ప్రోగ్రామును సోర్సు కోడ్ (మనుషులు రాసిన అసలు పాఠం) నుంచి మీ డెస్క్‌టాప్ మీద మీరే కంపైల్ చేయండి, అంటే ఆ పాఠాన్ని యంత్రం నడపగల ప్రోగ్రాముగా మార్చండి. మీ ఉత్తరాలను అందులోకి తెచ్చుకోండి.

"నేనేమన్నా సాఫ్ట్‌వేరోణ్నా?" అంటారేమో. కాదు కాబట్టే చెబుతున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది రోజూ ఉండే పనే. మీకు మాత్రం ఇది ఒక భయం మీద నేరుగా దెబ్బ కొట్టే పని.

ఏ భయమో చెబుతాను. తెర మీద ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు కనిపించగానే చెయ్యి దానంతటదే మూల ఉన్న ఇంటూ గుర్తు మీదికి పోతుంది. ఏం రాసిందో చూడం. మూసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాం, మళ్లీ అదే వస్తుంది, "ఇది మనకు కాదులే" అని లేచి పోతాం. ఈ అలవాటు కంప్యూటర్ దగ్గర ఆగదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరస్కరించారని తెలిస్తే "రిజెక్టు అయింది" అనే మాట దగ్గరే ఆగిపోతాం. కారణం ఆ కిందే ఉంటుంది: ఆధార్‌లో పేరు ఒకరకంగా, మార్కుల జాబితాలో ఇంకొకరకంగా ఉంది అని. బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం చదవకుండానే మడిచి బీరువాలో పెడతాం. చదువుకున్న పిల్లలే ఇలా ఉంటే నాకు బాధేస్తుంది. తెలివి లేక కాదు. తెర గానీ కాగితం గానీ మనకు ఒక మాట చెప్పినప్పుడు దాన్ని చివరిదాకా చదవాలని ఎవరూ మనకు అలవాటు చేయలేదు, అంతే.

ప్రోగ్రాములను కంపైల్ చేయడంలో ఉన్న గొప్పదనం ఇక్కడే ఉంది. ఎర్రర్ రాకుండా మొదటిసారే పూర్తయ్యే అవకాశం దాదాపు లేదు. వచ్చిన ప్రతి ఎర్రరూ తనను ఎలా పోగొట్టాలో ఏదో ఒక మేరకు తానే చెబుతుంది. చదివితే ముందుకు, చదవకపోతే అక్కడే. మొహమాటం లేదు, సిఫారసు లేదు, ఎవరి దయా అక్కర్లేదు.

నేను సూచించేది క్లాజ్ మెయిల్. మొజిల్లావాళ్ల థండర్‌బర్డ్ అందరికీ తెలిసినదే, బాగుంటుంది. కానీ దాన్ని సోర్సు నుంచి కట్టాలంటే పాత యంత్రం గంటల తరబడి రొప్పుతుంది. క్లాజ్ చిన్నది. సీ భాషలో రాసినది, జీటీకే అనే తెర సామగ్రి మీద నడుస్తుంది, పాత డెస్క్‌టాప్‌కు సరిపోతుంది. దాని పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. జపాన్‌కు చెందిన హిరోయుకి యమమోతో సిల్ఫీడ్ అనే మెయిల్ ప్రోగ్రాము రాశాడు. అందులో కొత్త సదుపాయాలను త్వరగా పరీక్షించడానికి 2001లో కొందరు ఒక పక్క శాఖ మొదలుపెట్టారు. సిల్ఫీడ్-క్లాజ్ అని పిలిచిన ఆ శాఖ 2006లో క్లాజ్ మెయిల్ అనే సొంత పేరుతో నిలబడింది.

ఇక యంత్రం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 అడిగే హంగులు లేక మూలన పడ్డ డెస్క్‌టాప్‌లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. అలాంటి దాని మీద విండోస్ బదులు లినక్స్ మింట్ గానీ డెబియన్ గానీ వేయండి. పాత ఫొటోలు, కాగితాలు ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. ఈ భాగం మీద ఎక్కువ చెప్పను, నేర్పే వీడియోలు తెలుగులోనే దొరుకుతాయి.

ఒక్క విషయం దాచకూడదు. లినక్స్‌లో క్లాజ్ మెయిల్ ఒక్క ఆదేశంతో రెడీమేడ్‌గా వచ్చేస్తుంది. రోజువారీ వాడకానికి అదే మంచిది, భద్రతా సవరణలు కూడా వాటంతటవే వస్తుంటాయి. నేను చెప్పే కష్టం నేర్చుకోవడం కోసం. ఆ తేడా మనసులో పెట్టుకునే మొదలుపెట్టండి.

సోర్సును క్లాజ్ సొంత సైటు నుంచే దించుకోండి. ఎవరో పంపిన జిప్ ఫైలు వద్దు. మెయిల్ ప్రోగ్రాము అంటే మీ పాస్‌వర్డు పట్టుకునేది. మెయిల్ కంపెనీది కాని ప్రోగ్రాము వాడటంలో ప్రమాదం ఎక్కడైనా ఉంటే అది ఇక్కడే. క్లాజ్ వాళ్లు సోర్సు పక్కనే సంతకం ఫైలు కూడా పెడతారు, దానితో సరిచూసుకునే పద్ధతి నేర్చుకోండి. అది ఇంకో అరగంట పాఠం.

దించిన కట్ట విప్పితే ఒక ఫోల్డరు వస్తుంది. అందులో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి 'కాన్ఫిగర్' అనే స్క్రిప్టు నడపాలి. మీ యంత్రంలో ఏముంది, ఏం లేదు అని అది ఒక్కొక్కటే తడిమి చూస్తుంది. ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో పెరిగినవాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు. నేత మొదలుపెట్టే ముందు పడుగు పోగులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం లాంటిదే ఈ పని. 1938లో మాచాని సోమప్ప గారు నేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు అది. అక్కడ తెగిన పోగును చూసి కోప్పడే నేతగాడు ఉండడు. తెగిన చోటు వెతికి, ముడి వేసి, ముందుకు పోతాడు.

ఇక్కడ ఒక సలహా, కొందరు ఒప్పుకోకపోవచ్చు. కావలసిన సామగ్రి అంతా ఒకేసారి తెచ్చిపెట్టే ఆదేశం ఉంది, పేరు 'ఆప్ట్ బిల్డ్-డెప్'. దాన్ని మొదటే వాడకండి. కంపైలరూ, దాని తోడు సామానూ ఉండే 'బిల్డ్-ఎసెన్షియల్' మాత్రం వేసుకుని, నేరుగా కాన్ఫిగర్ నడపండి. కచ్చితంగా ఆగుతుంది. ఆగాలనే నడుపుతున్నాం.

ఎక్కడ ఆగుతుందో దగ్గరగా చూద్దాం. ముందు 'చెకింగ్ ఫర్' అంటూ లైన్లు జరజరా పోతాయి. ఒకచోట నిలిచి, ఫలానా ప్యాకేజీ అవసరం, అది దొరకలేదు అంటుంది. పేరు కూడా చెబుతుంది, ఉదాహరణకు 'జీలిబ్ 2.0'. చాలామంది ఇక్కడే తికమక పడతారు. "మింట్‌లో జీలిబ్ లేకపోవడమేంది? ఈ తెరలో సగం దాని మీదే నడుస్తాంది కదా!" నిజమే. లైబ్రరీ ఉంది. లేనిది వేరేది. ఒక ప్రోగ్రాము నడవడానికి లైబ్రరీ ఉంటే చాలు. కొత్త ప్రోగ్రామును కట్టాలంటే ఆ లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో, వాటిని ఎలా పిలవాలో చెప్పే హెడర్ ఫైళ్లు కూడా కావాలి. మామూలు వాడకందారులకు అవి అవసరం లేదు కాబట్టి డెబియన్ కుటుంబం వాటిని విడదీసి, పేరు చివర 'డెవ్' అని చేర్చిన వేరే ప్యాకేజీల్లో పెడుతుంది. జీలిబ్ డెవ్ ప్యాకేజీ వేసి మళ్లీ కాన్ఫిగర్ నడిపితే ఆ అడ్డు దాటి, ఇంకో దగ్గర ఆగుతుంది. ఇది ముందుకు పోవడమే. ఎర్రర్ మారిందంటే పని జరిగినట్టే. ఈ ఒక్క ముక్క ఒంటబడితే చాలు, సగం నిరాశ పోతుంది. నిన్న ఆగిన చోటే ఇవాళా ఆగితే అప్పుడు ఆలోచించాలి. చోటు మారితే సంతోషించాలి.

తర్వాత లిబెట్‌ప్యాన్ దగ్గర ఆగుతుంది. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చిన మలుపు ఇదే. క్లాజ్ మెయిల్ ఐమ్యాప్ పద్ధతిలో సర్వరుతో మాట్లాడేది ఈ లైబ్రరీ ద్వారానే. అది లేదని చెబుతూ కాన్ఫిగర్ ఒక అడ్డదారి కూడా చూపిస్తుంది: ఐమ్యాప్ వద్దనుకుంటే 'డిసేబుల్ లిబెట్‌ప్యాన్' అనే మాట చేర్చి ముందుకు పొండి అని. తొందరలో ఉన్నవాడి కంటికి రెండో సగమే కనబడుతుంది. ఆ మాట చేరుస్తాడు, ఎర్రర్ పోతుంది, ప్రోగ్రాము తయారవుతుంది, చప్పట్లు కొడతాడు. తర్వాత జీమెయిల్‌ను ఐమ్యాప్‌తో పెట్టబోతే ఐమ్యాప్ లేదు. 'వద్దనుకుంటే' అనే షరతు వాక్యంలోనే ఉంది, చదవలేదు. పూచీకత్తు సంతకాలు, ఒప్పంద పత్రాలు, కోచింగ్ సెంటర్ల ఫీజు రశీదులు... మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇలాంటి షరతు దగ్గరే. దారి ఉందని సంతోషపడే ముందు ఆ దారిలో ఏం వదులుకుంటున్నామో చూడండి.

అన్నీ కుదిరాక కాన్ఫిగర్ చివర్లో ఒక పట్టిక ఇస్తుంది: ఏ సదుపాయం ఉంది, ఏది లేదు అని. దాన్ని పైనుంచి కిందికి చదవండి. లిబెట్‌ప్యాన్ ఎదురుగా 'ఎస్' ఉండాలి. గుప్తంగా మాట్లాడటానికి కావలసిన గ్నూటీఎల్‌ఎస్ ఎదురుగా కూడా 'ఎస్' ఉండాలి. అది లేకపోతే మీ పాస్‌వర్డు భద్రంగా వెళ్లే దారి ఉండదు, అప్పుడు ముందుకు పోవద్దు. ఇంకో సంగతి. కాన్ఫిగర్‌కు 'ప్రిఫిక్స్' అనే మాటతో మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఒక చోటు చూపించండి. ప్రోగ్రాము అక్కడే కూర్చుంటుంది. మొత్తం యంత్రం మీద అధికారం ఇచ్చే 'సుడో' అక్కర్లేదు, ఏదైనా తేడా వచ్చినా ఆ ఫోల్డరు తీసేస్తే సరి. కొత్త పని నేర్చుకునేటప్పుడు నష్టాన్ని చిన్న హద్దులో పెట్టుకుంటే ధైర్యం దానంతటదే వస్తుంది.

ఆపైన 'మేక్', అసలు కంపైల్ చేసే ఆదేశం. టీ తాగి రండి. తెర నిండా హెచ్చరికలు పోతుంటాయి, 'వార్నింగ్' అన్న ప్రతిదానికీ బెదరక్కర్లేదు, అది ఎర్రర్ కాదు. నిజంగా ఆగిపోతే మాత్రం ఒక మెలకువ ఉంది. అట్టడుగు లైన్‌లో 'ఎర్రర్ 2' అనో మరొకటో ఉంటుంది, దాన్ని పట్టుకుని గంటలు వెతికినా ఏమీ తెలియదు. అది పైన జరిగినదానికి ప్రతిధ్వని మాత్రమే. పైకి జరుపుతూ పోండి, మొట్టమొదట 'ఎర్రర్' అనే మాట ఎక్కడ కనబడుతుందో అక్కడ ఆగండి. కారణం అక్కడుంది. కిందివన్నీ దాని పిల్లలు. మొదటిదాన్ని సరిచేస్తే యాభై ఎర్రర్లు ఒక్కసారిగా మాయం కావడం చూసినవాడు ఇంట్లో గొడవనైనా, చదువులో వెనుకబాటునైనా వేరేగా చూడటం మొదలుపెడతాడు. చివరి పరీక్షలో వచ్చిన తక్కువ మార్కులు అడుగు లైను. తొమ్మిదో తరగతిలో వదిలేసిన బీజగణితం మొదటి ఎర్రర్.

ఎవరినీ అడగొద్దని కాదు నేను చెప్పేది. అడగండి, కానీ అడగడం నేర్చుకోండి. "అన్నా, పని చేయట్లే" అని వాట్సాప్‌లో పెడితే అవతలివాడు ఏం చేయగలడు? ఫోన్‌తో తెరను వంకరగా తీసిన ఫొటో పంపితే సగం అక్షరాలు కనబడవు. ఏ యంత్రం, ఏ లినక్స్, ఏ వెర్షన్, మీరు ఏ ఆదేశం ఇచ్చారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజానికి ఏం వచ్చింది, అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టండి. ఇంతవరకు మీరు ఏమేం ప్రయత్నించారో కూడా రాయండి. ఇలా రాస్తూ రాస్తూ ఉండగానే చాలాసార్లు జవాబు మీకే తడుతుంది. తట్టకపోయినా, ఇంత శ్రద్ధగా అడిగినవాడికి బెంగళూరులో ఉన్న సీనియరైనా, జర్మనీలో ఉన్న అపరిచితుడైనా ఆనందంగా జవాబిస్తాడు. కర్నూలు జగన్నాథగట్టు మీదున్న ట్రిపుల్ ఐటీలోనో, ఆదోనిలో ఏదో కాలేజీలోనో చదివే మీ స్నేహితులకు ఇలాంటి ఉత్తరం ఒకటి రాసి చూడండి, మీ మీద వాళ్ల అభిప్రాయమే మారిపోతుంది.

మేక్ ముగిశాక 'మేక్ ఇన్‌స్టాల్' నడిపితే ప్రోగ్రాము మీరు చూపించిన ఫోల్డరులో కూర్చుంటుంది. అది తెరుచుకున్నాక ఖాతా పెట్టాలి. అందుకునే సర్వరు ఐమ్యాప్, తలుపు నంబరు (పోర్టు) 993. పంపే సర్వరు ఎస్‌ఎంటీపీ, నంబరు 465 లేదా 587. పాస్‌వర్డు దగ్గర జీమెయిల్ మిమ్మల్ని తిప్పి పంపుతుంది. మీ మామూలు పాస్‌వర్డు సరైనదే అయినా 'అథెంటికేషన్ ఫెయిల్డ్' అంటుంది. మళ్లీ మళ్లీ కొట్టకండి. వట్టి పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములను లోపలికి రానివ్వడం గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి ఆపేసింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, ఈ ప్రోగ్రాము ఒక్కదాని కోసం 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకుని దాన్ని ఇక్కడ ఇవ్వాలి. యంత్రం పోయినా, అమ్మేసినా ఆ ఒక్క యాప్ పాస్‌వర్డు రద్దు చేస్తే చాలు, అసలుది చెక్కుచెదరదు. క్లాజ్‌లో ప్రైమరీ పాస్‌ఫ్రేజ్ కూడా పెట్టుకోండి, ఇంట్లో నలుగురు వాడే కంప్యూటర్ అయితే అది తప్పనిసరి. షాపులోని కంప్యూటర్ మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకండి.

ఇన్‌బాక్స్ ఫోల్డరు గుణాల్లో ఆఫ్‌లైన్ వాడకానికి ఉత్తరాలు దించిపెట్టే టిక్కు ఒకటుంది. పెట్టుకోండి. సిగ్నల్ పోయినా నెట్ ప్యాక్ అయిపోయినా కాల్ లెటర్ మీ డిస్కులో ఉంటుంది.

మొదటి ఉత్తరం మీకు మీరే రాసుకోండి, తెలుగులో. వచ్చాక దాన్ని ఎంచుకుని కంట్రోల్-యూ నొక్కండి. ఉత్తరం అసలు రూపం కనబడుతుంది. మీరు రాసిన తెలుగు అక్కడ ఉండదు. విషయం అనే చోట 'యూటీఎఫ్-8' అనే గుర్తు, దాని వెనక అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల వరస ఉంటాయి. ఖాళీ లేకుండా ఒకే తెలుగు మాట విషయంగా రాసి చూస్తే ఆ వరస నాలుగేసి గుర్తుల ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కా నాలుగు అంకె, పెద్ద ఎల్, ఆ తర్వాత సీ లేదా జీతో మొదలవుతుంది. గుణింతాలకు కూడా ఒక్కొక్క ముక్క, ఒత్తుకైతే పొల్లుకు ఒకటి, అక్షరానికి ఒకటి చొప్పున రెండు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. బేస్64 పద్ధతి మూడు బైట్లను నాలుగు ఇంగ్లిష్ గుర్తులుగా మారుస్తుంది. మన అక్షరాలన్నీ యూనికోడ్‌లో ఒకే పేటలో ఉన్నాయి కాబట్టి మొదలు ఒకేలా ఉంటుంది. పది నిమిషాలు దాన్ని చూస్తూ కూర్చోండి, వృథా కాదు.

ఈ మార్పిడి ఎందుకంటే, 1982లో రాసిపెట్టిన ఎస్‌ఎంటీపీ నియమాలు ఏడు బిట్ల ఇంగ్లిష్ అక్షరాలను మాత్రమే మోసేవి. 1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ మైమ్ పద్ధతి తెచ్చాక ఇతర భాషలకు, జతపరిచే ఫైళ్లకు దారి పడింది. అయితే అందరికీ దారి పడేదాకా మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ మీటలతోనే తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న టీ త, పెద్ద టీ ట. ఏ కంపెనీ వాళ్లను అడగలేదు. దేశం కాని దేశంలో తెలుగులో ఉత్తరాలు రాసుకోవాలనుకున్నారు, ఉన్న సామగ్రితో దారి కట్టుకున్నారు. తర్వాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులు (ఫాంట్లు) ఇచ్చారు. తెలుగు టైపు చేసుకునే వీవెన్ గారి లేఖిని సైటు వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కుర్రాళ్లు లినక్స్ తెరనే తెలుగులోకి మార్చడానికి పూనుకున్నారు. ఇవాళ మీరు ఫోన్‌లో 'బాగున్నావా' అని కొట్టగలుగుతున్నారంటే, ఎర్రర్లను మూసేయకుండా చదివిన ఇలాంటి మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని పనిచేశారు కాబట్టే. మీరు ఈ సాయంత్రం చేస్తున్నది చాలా చిన్నదే, కానీ ఆ కోవలోదే.

క్లాజ్‌లో రంగురంగుల అక్షరాలతో ఉత్తరం రాయడం కుదరదు. అది పంపేది వట్టి పాఠ్యమే. నాకైతే అది లోపంగా కనిపించదు. రంగు, బొమ్మ, పెద్దక్షరం లేనప్పుడు మాటలే బరువు మోయాలి. ఉద్యోగానికి రాసే ఉత్తరం ఇందులో సాధన చేయండి. విషయం గడిలో ఏ ఉద్యోగమో, మీ పేరేమిటో. మొదటి వాక్యంలో ఎందుకు రాస్తున్నారో. రెండు మూడు వాక్యాల్లో మీరు చేయగలిగింది. ఫోన్ నంబరు. అక్కడితో ఆపండి. 'రెస్యూమే ఫైనల్ న్యూ 2' అనే పేరుతో ఫైలు పంపకండి, మీ పేరు, పత్రం పేరు ఉండాలి. అవతలివాళ్ల ఫోల్డర్లో అలాంటి ఫైనల్ న్యూలు వందలుంటాయి.

ఫైలు జత చేశానని రాసి జత చేయడం మరిచిపోయేవాళ్లకు క్లాజ్‌లో అటాచ్ వార్నర్ అనే ప్లగిన్ (అదనంగా చేర్చుకునే ముక్క) ఉంది. ఉత్తరంలో 'అటాచ్' అనే ఇంగ్లిష్ మాట ఉండి, ఫైలు లేకపోతే పంపే ముందే ఆపి అడుగుతుంది. దాని అమరికల్లో ఏయే మాటలకు అప్రమత్తం కావాలో మనమే లైనుకు ఒకటి చొప్పున రాయొచ్చు. అక్కడ 'జతపరిచాను', 'జత చేశాను', 'పంపుతున్నాను' అని తెలుగులో చేర్చండి. ఆ క్షణం నుంచి ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రాము మీ తెలుగు ఉత్తరాన్ని కూడా కనిపెట్టుకుని ఉంటుంది. ఇంత చిన్న మార్పుకు ఎవరి అనుమతీ అక్కర్లేదని తెలియడం, పంతొమ్మిదేళ్ల పిల్లకు గానీ పిల్లాడికి గానీ, నా దృష్టిలో చాలా పెద్ద సంగతి. అందుకే ఈ పని ఒంటరిగా కాకుండా చెల్లెలినో, పక్కింటి తమ్ముణ్నో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఎర్రర్‌ను పైకి చదివే పని వాళ్లకివ్వండి. ఇంగ్లిష్ రాదని సిగ్గుపడే పిల్లలు కూడా ఆ లైన్లు చదవగలరు. వాటిలో వచ్చే మాటలు కొన్నే, అవే తిరిగి తిరిగి వస్తాయి: దొరకలేదు, అనుమతి లేదు, అవసరం, పాతది, లేదు.

కొన్ని నెలలకు క్లాజ్ కొత్త వెర్షన్ వస్తుంది. భద్రతకు సంబంధించిన సవరణలుంటే ఆలస్యం చేయకూడదు, మీరు కట్టినదాన్ని మీరే కొత్తది చేసుకోవాలి. కొత్త సోర్సు దించి, అదే ప్రిఫిక్స్‌తో కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. డెవ్ ప్యాకేజీలన్నీ ముందే ఉన్నాయి కాబట్టి ఈసారి తొందరగా అయిపోతుంది. పరీక్షల కాలంలో అంత తీరిక లేదనుకుంటే మీరు కట్టినదాన్ని తీసేసి, మింట్ ఇచ్చే రెడీమేడ్ క్లాజ్ వేసుకోండి. మీ ఉత్తరాలు, ఖాతా వివరాలు, మీరు చేర్చిన తెలుగు మాటలు హోమ్ ఫోల్డర్‌లో క్లాజ్ పేరుతో దాగున్న ఫోల్డర్‌లో ఉంటాయి. మార్చే ముందు దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.